కొత్త పికప్ ట్రక్కుకు స్ప్రే బెడ్‌లైనర్: ఏది ఎంచుకోవాలి, ఎలా కొట్టించుకోవాలి

కొత్త పికప్ వెనక తొట్టిలో మొదటి గీత పడటానికి పెద్ద బరువేమీ అక్కర్లేదు. జాకీని కాస్త ఈడ్చినా, పార మొన తగిలినా రంగు లేచిపోయి రేకు బయటపడుతుంది. అక్కడ తడి చేరితే తుప్పు మొదలవుతుంది. అందుకే బండి చేతికి రాగానే, ఇంకా ఏ సరుకూ ఎక్కించకముందే తొట్టి లోపల బెడ్‌లైనర్ అనే రక్షణ పూత కొట్టించడం మంచిది. విడిగా దొరికే ప్లాస్టిక్ తొట్టిని లోపల దింపుకుంటే ఖర్చు తగ్గుతుంది. కానీ అది బండి కదిలినప్పుడల్లా రంగును రుద్దుతుంది, కిందికి చేరిన నీళ్లను ఆరనివ్వదు. పైకి చూస్తే బాగానే ఉంటుంది, తీసి చూస్తే అడుగు తుప్పు పట్టి ఉంటుంది. స్ప్రే లైనర్ రేకుకు అంటుకునే ఉంటుంది కాబట్టి ఆ సమస్య రాదు.

అయితే స్ప్రే ఒకసారి కొట్టాక తీయడం చాలా కష్టం. గ్రైండర్ పట్టుకుని గంటల తరబడి గీకాలి, ఆ పనిలో కింద రంగు కూడా పోతుంది. కాబట్టి ఆలోచించాల్సిందంతా ముందే ఆలోచించాలి. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఏ కంపెనీ మందు (పూత ద్రవం) కొట్టారన్నది రెండో విషయం. కొట్టేముందు తొట్టిని ఎంత ఓపిగ్గా కడిగి, గరుకు చేశారన్నదే మొదటి విషయం. ఊడిపోయిన లైనర్లలో ఎక్కువ భాగం మందు నాసిరకమై ఊడలేదు, అడుగు పని సరిగ్గా జరగక ఊడాయి.

ముందు మీ తొట్టి దేనితో చేశారో తెలుసుకోండి

చాలా పికప్‌లకు ఉక్కు రేకు ఉంటుంది. ఫోర్డ్ ఎఫ్-150కి 2015 మోడల్ నుంచి అల్యూమినియం వచ్చింది. టొయోటా టాకోమా తొట్టి లోపలి భాగం 2005 మోడల్ నుంచి ఫైబర్ కలిపిన ప్లాస్టిక్ (కాంపోజిట్). ఉక్కు అయితే తుప్పు పట్టకుండా లైనర్ తప్పనిసరి. అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు గానీ, బరువైన రాయి మొన మీద పడితే సొట్ట పడుతుంది, చిల్లు కూడా పడవచ్చు. అక్కడ మందపాటి పూత పనికొస్తుంది. కాంపోజిట్ తొట్టికి లైనర్ అవసరం తక్కువ. సరుకు జారకుండా పట్టు కోసం వేయించుకోవాలనుకుంటే సరే, కానీ దానికి ప్లాస్టిక్ మీద పట్టే ప్రత్యేకమైన ప్రైమర్ వాడాలి. ఉక్కుకు వాడేదే వాడతామంటే ఒప్పుకోవద్దు.

బండి ఇంకా బుక్ చేయకపోతే ఫ్యాక్టరీలోనే స్ప్రే లైనర్ ఆప్షన్ ఉందేమో చూడండి. బండి వారంటీలోనే అదీ కలుస్తుంది. కాకపోతే మందం ఎంత, గరుకు ఎంత, ఏ హద్దు దాకా అన్నవి మీ చేతిలో ఉండవు. బరువు పనులకు వాడే బండి అయితే బయట కొట్టించడమే నయం.

గట్టిదా, మెత్తదా?

మందు రకాలు ప్రధానంగా రెండు: పాలీయురేథేన్, పాలీయూరియా. రెండూ కలిపిన హైబ్రిడ్లూ ఉన్నాయి. అన్నిటిలోనూ రెండు ద్రవాలుంటాయి. ఒకటి ఐసోసయనేట్, రెండోది రెజిన్. గన్ దగ్గర ఇవి కలవగానే గడ్డకట్టడం మొదలవుతుంది. పాలీయూరియా కొన్ని సెకన్లలోనే బిగుసుకుంటుంది, గాల్లో తేమ ఉన్నా పెద్దగా చెడదు. పాలీయురేథేన్ నెమ్మదిగా ఆరుతుంది. ఐసోసయనేట్ తడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి, పాలీయురేథేన్‌లో రేకు తడిగా ఉన్నా గాలి చెమ్మగా ఉన్నా పూతలో బుడగలు వస్తాయి.

కొట్టే పద్ధతులూ రెండు. ఒకటి వేడి, అధిక పీడనం: మందును దాదాపు 60-70 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, 2,000 పీఎస్ఐ అటూ ఇటూ పీడనంతో కొడతారు. పూత గట్టిగా, సన్నని గరుకుతో వస్తుంది. రెండోది చల్లగా, తక్కువ పీడనంతో కొట్టేది. ఇది మామూలుగా మెత్తగా, రబ్బరులా ఉంటుంది.

మీరు మోసే సరుకును బట్టి వీటిలో ఒకటి తేల్చుకోవాలి. మట్టి, కంకర, ఇటుకలు, ఇనుప సామాను మోసేవాళ్లకు గట్టి పూత మంచిది. పారతో గీకి తోడినా చిరగదు, బరువైన పెట్టెను లోపలికి నెడితే సాఫీగా జారుతుంది. ఆ జారుడే మరొకరికి ఇబ్బంది. పనిముట్ల పెట్టెలు, ఫర్నిచర్, కూలర్ లాంటివి కట్టకుండా పెట్టి తిరిగేవాళ్లకు బ్రేకు వేసినప్పుడల్లా అవి ముందుకు వెళ్లి గుద్దుకుంటాయి. వాళ్లకు మెత్తదే సుఖం. మెత్తదానికి పదునైన అంచు తగిలితే కోసుకుపోతుందని మాత్రం గుర్తుంచుకోండి. గట్టిదే కొట్టించుకుని, అవసరమైనప్పుడు పైన రబ్బరు మ్యాట్ పరుచుకోవడం మధ్యేమార్గం. చాలామందికి అదే సరిపోతుంది.

గరుకు సంగతి షాపులో చూసి తేల్చలేం. ముతక గరుకు మీద మోకాళ్లూని పది నిమిషాలు పనిచేస్తే చర్మం గీరుకుపోతుంది. బురద, ధాన్యపు గింజలు ఆ గరుకులో ఇరుక్కుని చీపురుకు రావు. తొట్టిలోకి ఎక్కి దిగే పని ఎక్కువగా ఉంటే మధ్యరకం గరుకు అడగండి.

మందం: లెక్క మీరే వేసుకోండి

షాపువాళ్లు మందాన్ని "మిల్" లెక్కన చెబుతారు. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మిల్లీమీటర్ అనుకుని పొరబడకండి. 125 మిల్స్ అంటే అంగుళంలో 8వ వంతు, అంటే దాదాపు 3.2 మి.మీ. అడుగున 3 మి.మీ., పక్కగోడలకు 2 మి.మీ. ఉంటే బరువు పనులకు సరిపోతుంది. ఇళ్ల అవసరాలకు అడుగున 2 మి.మీ. చాలు.

ఒక చిన్న లెక్క మీకు ఎక్కడికెళ్లినా పనికొస్తుంది. ఆరాక తగ్గిపోని మందు, అంటే థిన్నర్ కలవనిది, 1 లీటరు తీసుకుంటే 1 చదరపు మీటరుకు 1 మి.మీ. మందం వస్తుంది. మామూలు పొడవున్న తొట్టిలో అడుగు సుమారు 2.5, మూడు గోడలూ వెనక డోరూ కలిపి సుమారు 3.5 చదరపు మీటర్లు అనుకుందాం. అడుగుకు 3 మి.మీ., గోడలకు 2 మి.మీ. కావాలంటే 7.5, 7 కలిపి పద్నాలుగున్నర లీటర్లు పడుతుంది. చక్రాల గూళ్లు, అడుగు గాడుల మడతలు కలిపితే ఇంకా కొంచెం ఎక్కువే. ఎవరైనా 8 లీటర్లతో తొట్టంతా 3 మి.మీ. కొడతామంటే అది జరిగే పని కాదు. "ఈ బండికి ఎన్ని లీటర్లు వాడతారు?" అని ముందే అడగండి. బాగా చేసేవాళ్లు తడుముకోకుండా చెబుతారు.

ఇంట్లోనే కొట్టుకునే కిట్ల బలహీనత కూడా ఈ లెక్కలోనే బయటపడుతుంది. 4 లీటర్ల కిట్‌ను 6 చదరపు మీటర్లకు పరిస్తే తడిమీద 0.67 మి.మీ. వస్తుంది. అందులో సగం థిన్నరే అయి ఆవిరైపోతే మిగిలేది 0.33 మి.మీ. రంగును గీతల నుంచి కాపాడటానికి అది పనికొస్తుంది, ఇటుకల దెబ్బకు ఆగదు. తేలికపాటి వాడకానికి కిట్ తప్పేమీ కాదు గానీ, మాస్కు విషయంలో అజాగ్రత్త వద్దు. రెండు భాగాలు కలిపే మందుల్లో ఐసోసయనేట్ ఉంటుంది. అది ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోతే, తర్వాత కొంచెం పీల్చినా ఆయాసం తెస్తుంది. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దాన్ని ఆపవు. బయటి గాలి పైపుతో అందించే మాస్కు లేకపోతే ఆ కిట్‌ను గన్‌తో కొట్టవద్దు.

ఎండకు రంగు పోవడం

నల్ల లైనర్ కొన్నాళ్లకు బూడిదరంగుకు తిరిగి, చేత్తో రాస్తే సుద్దలా అంటుతుంది. పాలీయురేథేన్, పాలీయూరియా రెండింటిలోనూ ఉండే ఆరోమాటిక్ రకం మందు మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు చేసే పని అది. బలం వెంటనే తగ్గదు, అందం మాత్రం పోతుంది. ఆలిఫాటిక్ రకం ఎండకు తట్టుకుంటుంది, ధర బాగా ఎక్కువ. మధ్యలో ఒక దారి ఉంది: అడుగున ఆరోమాటిక్ మందం కొట్టి, పైన సన్నగా ఆలిఫాటిక్ పొర వేయించడం. బండి ఎప్పుడూ ఎండలో నిలబడేదైతే ఆ పైపొరకు డబ్బు పెట్టండి. బాడీ రంగుకు సరిపోయే రంగు లైనర్ కావాలంటే ఆలిఫాటిక్ పొర తప్పదు. ఆ పొర లేకపోతే లేత రంగులు త్వరగా పసుపెక్కుతాయి.

ఎక్కడి దాకా కొట్టించాలి, ఏవి వదిలేయాలి

గోడల పైఅంచు మీదకు ఎక్కించి కొట్టడం ఒక పద్ధతి, అంచు కింద ఆపేయడం ఇంకొకటి. పక్కనుంచి వంగి సరుకు దించేవాళ్లకు పైఅంచు కూడా కప్పితే మంచిది, బెల్టు బకిల్‌కు, నిచ్చెనకు అక్కడే గీతలు పడతాయి. కానీ పైన మడత మూత గానీ, టాపు గానీ బిగించే ఆలోచన ఉంటే అంచు కిందే ఆపించండి. గరుకు పూత మీద మూత రబ్బరు సరిగ్గా కూర్చోదు, నీళ్లు లోపలికి దిగుతాయి. క్లాంపులకు కూడా మందం అడ్డొస్తుంది.

కింది వాటి గురించి షాపుతో నోటిమాటగా వదిలేయకుండా కాగితం మీద రాయించుకోండి:

- అడుగు చివర నీళ్లు పోయే రంధ్రాలు మూసుకోకూడదు. మూస్తే వాననీరు తొట్టిలోనే నిలుస్తుంది.
- తొట్టిని ఛాసిస్‌కు బిగించే బోల్టుల తలలు. వాటి గుంటల్లో మందు నిండితే, ఎప్పుడో ఇంధన పంపు మార్చడానికి తొట్టి ఎత్తాల్సి వచ్చినప్పుడు ఒక్కో బోల్టునూ చెక్కి బయటకు తీయాలి.
- వెనక డోరు లోపలి చిన్న ప్లేటు. దాన్ని విప్పి విడిగా కొట్టాలి. అలాగే ఉంచి కొడితే డోరుకు అంటుకుపోతుంది. తర్వాత హ్యాండిల్, తాళం, కెమెరా వైరు చూడాలంటే పూత కోయాల్సిందే.
- లైట్లు, కరెంటు సాకెట్, పక్క గోడల గుంతలు, తాళ్లు కట్టే కొక్కేలు. కొక్కేలు విప్పి కొట్టి మళ్లీ బిగించాలి. వాటి చుట్టూ కొట్టి వదిలేస్తే ఆ అంచులోంచే నీళ్లు దిగుతాయి.
- బరువు ట్రైలర్ లాగే హిచ్ తొట్టిలోనే బిగించాలనుకుంటే, దాని ప్లేట్లు కూర్చునే చోటు ఖాళీగా వదలమనండి. బోల్టు కింద మెత్తటి పూత నలిగి పల్చబడుతుంది, బిగుతు సడలుతుంది. ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం, మొహమాటపడొద్దు.

షాపును ఎలా పరీక్షించాలి

కొట్టిన శాంపిల్ రేకు ముక్క చేతికి ఇమ్మనండి. బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి: మెత్తదైతే గుంత పడి మళ్లీ పైకి లేస్తుంది, గట్టిదైతే గోరే వంగుతుంది. తాళం చెవితో గీరండి. తెల్లగీత పడి తుడిస్తే పోతే సరే, పూత పొడిలా రాలితే మందు పాళ్లు కుదరలేదని అర్థం. ఆ ముక్కను తడిపి మీ చెప్పు అడుగును దాని మీద రుద్దండి. పట్టు సంగతి అప్పుడు తెలుస్తుంది.

తర్వాత పనిలో ఉన్న ఇంకో బండిని చూడనివ్వమని అడగండి. చూడాల్సింది స్ప్రే కొట్టడం కాదు, దానికి ముందు గంట. మొదట సబ్బుతో, తర్వాత గ్రీజు తీసే మందుతో కడగాలి. ఆ తర్వాతే సాండ్ పేపర్ పట్టాలి. వరస తిరగబడితే, రంగు మీది మైనం, సిలికాన్ ఆ గరుకు గీతల్లోకి దిగిపోతుంది. తర్వాత ఎంత తుడిచినా రాదు. కడిగాక నీళ్లు పోసి చూస్తే సంగతి తేలిపోతుంది. నీరు పలచని పొరలా పరుచుకుంటే రేకు శుభ్రంగా ఉన్నట్టు. బొట్లు బొట్లుగా ముడుచుకుంటే జిడ్డు ఇంకా ఉన్నట్టు.

గరుకు చేయడానికి మామూలుగా 80 నంబరు పేపర్ వాడతారు, మూలల్లో చేత్తో స్కాచ్‌బ్రైట్ పట్టాలి. అయిపోయాక టార్చిని ఏటవాలుగా వేసి చూస్తే ఎక్కడా మెరుపు కనపడకూడదు. మెరుపు మిగిలిన ప్రతి చోటూ రేపు ఊడబోయే చోటే. ముందు గోడ అడుగును కలిసే మూల, చక్రాల గూళ్ల వెనక వైపు, పైఅంచు కింది మడత, ఈ మూడు చోట్లా మెషిన్ తిరగదు కాబట్టి అక్కడే ఎగ్గొడతారు. రుద్దేటప్పుడు రంగు పోయి రేకు బయటపడ్డ చోట ఎపాక్సీ ప్రైమర్ పడాలి. చివరగా రెండు గుడ్డలతో తుడవాలి: సాల్వెంట్‌తో తడిపిన గుడ్డ ముందు నడుస్తుంటే, పొడి గుడ్డ దాని వెనకే, అది ఆరేలోపే రావాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఇక్కడినుంచి అక్కడికి మారుతుందంతే.

అంచు కోసే పద్ధతి అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో షాపు స్థాయి తెలిసిపోతుంది. మంచి షాపులో, హద్దు వెంబడి లోపల సన్నని వైరున్న టేపు అతికిస్తారు. దాని మీదుగా స్ప్రే కొట్టి, మందు ఇంకా పూర్తిగా బిగుసుకోకముందే వైరు చివర పట్టుకుని పైకి లాగుతారు. పూత జున్ను కోసినట్టు తిన్నగా తెగుతుంది, కింద రంగుకు ఏమీ కాదు. వైరు లాగడం ఆలస్యమైతే అంచు చిరిగి పళ్లు పళ్లుగా వస్తుంది. మామూలు టేపు వేసి, ఆరాక బ్లేడుతో కోసే షాపుకు బండి ఇవ్వొద్దు. ఆ బ్లేడు పూతతో పాటు కింద రంగునూ రేకు దాకా కోస్తుంది, సరిగ్గా లైనర్ అంచు వెంబడే తుప్పు మొదలవుతుంది. రెండేళ్ల దాకా అది కంటికి కనపడదు కూడా.

వారంటీ కాగితంలో "జీవితకాలం" అన్న మాట చూసి ఆగిపోకండి. ఎవరి జీవితకాలం? చాలావాటిలో మొదటి యజమానికే వర్తిస్తుంది, బండి అమ్మితే పోతుంది. ఊడటం, పగలడం, బుడగలు రావడం కలుస్తాయి, రంగు వెలవడం, పదునైన వస్తువుతో కోసుకుపోవడం మామూలుగా కలవవు. బండి కంపెనీ ఇచ్చే తుప్పు వారంటీకి ఈ పని వల్ల ఇబ్బంది ఉందేమో కూడా ముందే చదివి పెట్టుకోండి.

బండి ఇచ్చే ముందు

కొత్త బండికి మైనం, సిరామిక్ కోటింగ్, మెరుపు స్ప్రేలు వేయిస్తుంటే తొట్టి లోపల వేయొద్దని డీలర్‌తో చెప్పండి. సిలికాన్ కలిసిన మెరుపు స్ప్రే లైనర్‌కు బద్ధశత్రువు. ఫ్యాక్టరీ రంగును పొయ్యిలో ఆరబెడతారు కాబట్టి దానిమీద వెంటనే కొట్టవచ్చు. తొట్టికి బయట ఎక్కడైనా తిరిగి పెయింట్ వేసి ఉంటే, అందులోని సాల్వెంట్ పూర్తిగా బయటకు పోయేదాకా, సుమారు నెల రోజులు ఆగండి. తొందరపడితే ఆ ఆవిరి లైనర్ కింద బుడగలు లేపుతుంది.

వానాకాలమైతే షాపువాళ్లు రేకు ఉష్ణోగ్రత కొలుస్తారా అని అడగండి. మంచు బిందువు (గాల్లోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే రేకు కనీసం 3 డిగ్రీల సెల్సియస్ వెచ్చగా ఉండాలి, లేకపోతే కంటికి కనపడని తడి పొర కట్టేస్తుంది.

తిరిగి తీసుకునేటప్పుడు

పగటి వెలుతురులో చూడండి, తొందర పెట్టనివ్వకండి. అరచేత్తో అడుగంతా తడమండి. ఎక్కడైనా జిగురుగా, మెత్తగా తగిలితే అక్కడ రెండు ద్రవాలూ సరైన పాళ్లలో కలవలేదు. అది ఆరదు, రోజులు గడిచినా ఆరదు, చెక్కేసి మళ్లీ కొట్టాల్సిందే. "ఎండకు పెడితే సరిపోతుంది" అంటే నమ్మొద్దు. సూదిమొన రంధ్రాలు, బుడగలు వెతకండి. అంచులను గోరుతో పైకి లేపి చూడండి, ఎక్కడా కదలకూడదు. నీళ్లు పోసి రంధ్రాల్లోంచి పోతున్నాయో లేదో చూడండి. వెనక డోరు నాలుగైదుసార్లు వేసి తీయండి: పక్క అంచుల్లో పూత మందమైతే రాసుకుంటుంది. క్యాబిన్ వెనక అద్దం, పైకప్పు, తలుపుల మీద వేళ్లు తడిమితే ఇసుకలా తగిలితే స్ప్రే తుంపర పడినట్టు, అది వాళ్లే తీయాలి.

మందం కొలవడానికి కొక్కెం విప్పిన చోట గానీ నీటి రంధ్రం అంచున గానీ వెర్నియర్ పెట్టండి, రేకు మందం తీసేస్తే పూత ఎంతో తెలుస్తుంది. పెయింట్ కొలిచే చిన్న గేజీలు కొన్ని ఇంత మందాన్ని చూపలేవు కాబట్టి వాటి పరిధి చూసి వాడండి.

మొదటి వారం, ఆ తర్వాత

చేతికి అంటకపోయినంత మాత్రాన పూర్తిగా గట్టిపడినట్టు కాదు. 24 గంటల దాకా ఏమీ ఎక్కించకండి, బరువులకు రెండు మూడు రోజులు ఆగండి. మందు కంపెనీ ఇంకా ఎక్కువ చెబితే అదే పాటించండి. మామూలు సబ్బు నీళ్లు, బ్రష్షు చాలు. పెట్రోలు, డీజిల్, ఎరువు ఒలికితే వెంటనే కడిగేయండి. మెరుపు కోసం సిలికాన్ పాలిష్ పూయకండి. జారుడు పెరుగుతుంది, రేపు అతుకు వేయాల్సి వస్తే కొత్త మందు పట్టదు. పెట్రోలు క్యాన్‌ను తొట్టిలో ఉంచి ఎప్పుడూ నింపొద్దు. నేల మీదికి దించి నింపండి. లైనర్ మీద ఉన్న క్యాన్‌లో చేరిన స్థిర విద్యుత్తు నేలలోకి పోలేదు, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎక్కడైనా రేకు దాకా కోసుకుపోతే ఆ వారంలోనే చూసుకోండి. వదులుగా ఉన్న అంచును గట్టి భాగం దాకా కోసేసి, చుట్టూ రెండంగుళాల మేర సాండ్ పేపర్ పట్టి, సాల్వెంట్‌తో తుడిచి, బయటపడ్డ రేకుకు ప్రైమర్ వేసి అదే రకం మందుతో అతుకు వేయాలి. పాత పూతను గరుకు చేయకుండా పైన పూస్తే నెలలోపే ఊడిపోతుంది. చాలా షాపులు చిన్న అతుకుల కోసం మందును గొట్టాల్లో ఇస్తాయి. మొదటిరోజే ఒకటి అడిగి తీసుకుని, మీ లైనర్ మందు పేరు, రకం దాని మీద రాసి పెట్టుకోండి.